రెండు లైన్లు... నలుగురి కళ్లు!

కంప్యూటర్ స్విచ్ నొక్కిన క్షణం నుంచి తెర మీద బొమ్మ వచ్చేదాకా లోపల ఓ చిన్న ప్రోగ్రాము గుట్టుగా పనిచేస్తుంటుంది. దాన్ని ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అంటే భయం వేయదూ? వేస్తుంది. అందుకే అందులో రెండు లైన్లు మార్చాలన్నా పెద్ద తతంగమే నడుస్తుంది!

శుభలేఖ అచ్చుకిచ్చే ముందు ప్రూఫు ఎవరిచేత చదివిస్తారు? రాసినాయనచేత మాత్రం కాదు. పెళ్లికొడుకు ఇంటిపేరులో అక్షరం ఎగిరిపోయినా ఆయన కంటికి అది నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. తాను రాయాలనుకున్నది మనసులో ఉంటుంది, కన్ను దాన్నే చదువుకుంటూ పోతుంది. అందుకే ఏ పక్కింటి మాస్టారికో ఆ కాగితం ఇస్తాం. ఆయన కళ్లజోడు సవరించుకుని చదువుతుంటే 'ముహూర్తం శుక్రవారం అన్నారు, ఆ తేదీ శనివారం కదండీ' అని బయటపడుతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకూ అలాంటి మాస్టార్లు ఉంటారు. అందులోనూ 'ఫర్మ్‌వేర్' అనే రకం ప్రోగ్రాములకైతే వాళ్లు లేకుండా రోజు గడవదు.

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తారు. కాసేపు నల్లటి తెర. తర్వాత విండోసో లినక్సో పలకరిస్తుంది. ఆ కాసేపట్లో లోపల జరిగేది తక్కువ పనేం కాదు. అప్పుడే కళ్లు తెరిచిన ప్రాసెసర్‌కి తన పక్కన మెమరీ అనేదొకటి ఉందన్న సంగతి కూడా తెలీదు. దానితో ఎంత వేగంగా మాట్లాడాలో ప్రతిసారీ సరిచూసుకోవాలి. అదయ్యేదాకా లెక్కలు వేసుకోవడానికి చోటు ఉండదు కాబట్టి, ప్రాసెసర్ తన కడుపులో ఉన్న కాస్తంత జాగానే పలకలా వాడుకుంటుంది. ఆ తర్వాత కీబోర్డు, తెర, డిస్కు... ఒక్కొక్కరినీ తట్టి లేపాలి. ఇదంతా చేయించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. పాతకాలం వాళ్లకి 'బయోస్' అంటే ఇంకా బాగా తెలుస్తుంది. వేలిగోరంత చిప్‌లో ఎనిమిదో పదహారో మెగాబైట్ల చోటులో అది ఒదిగిపోతుంది. సెల్‌ఫోన్‌తో తీసిన నాలుగైదు ఫొటోలు పట్టేంత జాగా, అంతే! ఇంట్లో ఇంటర్నెట్ రూటర్‌లోనూ, వాషింగ్ మెషీన్‌లోనూ కూడా ఇలాంటివే ఉంటాయి.

ఇటుకగా మారితే...

మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లితే అది ఆగిపోతుంది. ఆపేసి మళ్లీ మొదలుపెడతాం. ఫర్మ్‌వేర్‌లో తప్పు దొర్లితే? మళ్లీ మొదలుపెట్టడానికి అసలు మొదలే ఉండదు. స్విచ్ నొక్కితే దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఈ వృత్తిలో వాళ్లు దాన్ని 'ఇటుక అయిపోయింది' అంటారు. తలుపు దగ్గర అడ్డం పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని!

1999 ఏప్రిల్ 26 ఎంతమందికి గుర్తుందో. 'చెర్నోబిల్' అని జనం పేరు పెట్టిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు నిద్రలేచింది. డిస్కులోని సమాచారాన్ని చెరిపేయడంతో ఊరుకోకుండా, వీలైన చోటల్లా బయోస్ చిప్‌లో కూడా చెత్త రాసిపోయింది. డిస్కు పోతే కొత్త డిస్కు వేసుకోవచ్చు. చిప్‌లో రాత పోయిన కంప్యూటర్లు మాత్రం నోరు విప్పలేదు. చిప్ ఊడదీసి మళ్లీ రాయించడమో, మదర్‌బోర్డే మార్చుకోవడమో చేయాల్సి వచ్చింది.

సరిగ్గా అదే ఏడాది అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మినిచ్ అనే శాస్త్రవేత్తకు ఇంకో రకం తలనొప్పి పట్టుకుంది. బోలెడన్ని కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద యంత్రంలా నడిపించడం ఆయన పని. వాటిలోని బయోస్ ఒంటరి కంప్యూటర్ కోసం రాసింది. ఏ చిన్న అనుమానం వచ్చినా 'కీబోర్డు మీద మీట నొక్కండి' అని కూర్చుంటుంది. వరసగా పేర్చిన యంత్రాలకి కీబోర్డులెక్కడివి? పోనీ బయోస్‌ను దిద్దుకుందామంటే దాని మూలం కంపెనీల తాళంలో ఉంటుంది. దాంతో ఆ తాళం లేని ఫర్మ్‌వేర్‌నే రాసుకుందామని మొదలుపెట్టారు. అదే 'లినక్స్‌బయోస్'. 2008లో 'కోర్‌బూట్' అని పేరు మార్చుకుంది. గూగుల్ క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లను నిద్రలేపేది ఇదే. పాత థింక్‌ప్యాడ్‌లు మొదలు కొత్త సర్వర్ల దాకా వందల రకాల బోర్డులకు ఇది సరిపోతుంది. దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు, 'ఇక్కడ ఇలా ఉంటే బాగుంటుంది' అని ఎవరైనా మార్పు రాసి పంపొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే కదా!

పంపొచ్చు సరే. కలిపేదెవరు?

ఒకటీ ఒకటీ రెండు కాదు!

కోర్‌బూట్‌కి వచ్చే మార్పుల్లో చాలావరకు చూడ్డానికి చాలా చిన్నవి. ఓ ల్యాప్‌టాప్‌లో చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ తీసేసినా స్పీకర్ మోగడం లేదు, ఓ అంకె మార్చాలి. ఎవరో రాసిన వివరణలో అక్షరదోషం ఉంది, దిద్దాలి. ఒకే పని చేసే నాలుగు లైన్లు మూడు చోట్ల ఉన్నాయి, ఒకచోటికి చేర్చాలి. ఇలాంటి దిద్దుబాటును 'ప్యాచ్' అంటారు. చిరుగుకి వేసే మాసిక లాంటిది.

ఒక ప్యాచ్‌లో ఒకటే పని ఉండాలన్నది మొదటి పట్టింపు. పనిలో పనిగా అని పక్కనున్నవి కూడా సర్దేసి పంపితే 'విడదీసి తీసుకురా నాయనా' అని వెనక్కి పంపుతారు. ఇది చాదస్తం కాదు. కలిపాక నెల రోజులకు ఏదైనా చెడితే, ఏ మార్పువల్ల చెడిందో పట్టుకుని ఆ ఒక్కదాన్నే వెనక్కి తీసుకోవాలి. పది పనులు ఒకే మూటలో ఉంటే మంచిదీ చెడ్డదీ కలిపి పారేయాల్సి వస్తుంది. పైగా పది లైన్లయితే మనసు పెట్టి చదువుతారు, వెయ్యి లైన్లయితే కళ్లు జారిపోతాయి. ప్రోగ్రామర్లలో ఓ పాత జోకుంది. మూడు లైన్లు పంపితే ముప్ఫై తప్పులు పడతారట, మూడు వేల లైన్లు పంపితే 'బాగుంది' అని ఊరుకుంటారట!

మార్పుతోపాటు ఎందుకు మార్చాల్సి వచ్చిందో, ఏ యంత్రం మీద పరీక్షించారో నాలుగు మాటల్లో రాయాలి. కింద తన పేరు పెట్టి, 'దీన్ని ఇచ్చే హక్కు నాకుంది' అని ఒప్పుకోలు సంతకం చేయాలి. ఈ సంతకం పద్ధతి 2004లో లినక్స్ వాళ్లు మొదలుపెట్టింది. మా కోడ్ కొట్టేశారంటూ అంతకుముందు ఏడాది ఓ కంపెనీ కోర్టుకెక్కడంతో, ఏ లైను ఎవరిచ్చారో లెక్క ఉండాలని తెలిసొచ్చింది.

ఇక అసలు పరీక్ష. ప్యాచ్ నేరుగా కోడ్‌లో కలవదు. 'గెరిట్' అనే వేదిక మీదికి వెళ్తుంది. అందంగా లేకపోయినా అందరికీ గుర్తుండిపోయే కుర్చీ చేసిన డచ్చి వాస్తుశిల్పి గెరిట్ రీట్‌ఫెల్ట్ పేరు దీనికి పెట్టారు. ఇక్కడ ముందుగా పలకరించేది మనిషి కాదు, ఓ యంత్రం. కొత్త మార్పుతో కోర్‌బూట్‌ను ఒక్కో బోర్డుకీ విడివిడిగా తయారు చేసి చూస్తుంది. ఒక ల్యాప్‌టాప్ కోసం చేసిన సవరణ ఇంకో మూల ఉన్న సర్వర్‌ను చెడగొట్టిందంటే అక్కడే పట్టుబడుతుంది.

తర్వాత మనుషులు. మార్కులు మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ఉంటాయి. ప్లస్ 1 అంటే 'నాకు బాగానే ఉంది, ఇంకొకరు కూడా చూడండి' అని. ప్లస్ 2 అంటే 'కలిపేయొచ్చు' అని. తమాషా ఏంటంటే ఇద్దరు చెరో ప్లస్ 1 వేసినా అది ప్లస్ 2 కాదు! 'ఇంకొకరు చూడాలి' అని ఇద్దరు చెబితే ఇంకొకరు చూడాల్సిందే మరి. సొంత ప్యాచ్‌కి తానే ప్లస్ 2 వేసుకోకూడదు. ఎవరైనా ఓ సందేహం రాస్తే దానికి జవాబు చెప్పి తీర్చేదాకా కలిపే మీట పనిచేయదు. అక్షరదోషాల్లాంటివి తప్ప మిగతా ఏ మార్పయినా కనీసం 24 గంటలు అందరి కళ్లముందూ ఉండాలి. ఎందుకంటే బెంగళూరులో పొద్దున పదవుతుంటే కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి. జర్మనీలో ఇంకా తెల్లవారుజామే. అందరికీ ఒక పగలు దొరకాలి కదా! మార్పులో ముఖ్యమైనదేదైనా మళ్లీ మారిస్తే గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగు లైన్ల ప్యాచ్ ఆరోసారి, ఏడోసారి తిరగరాసుకుని వెళ్లడం ఇక్కడ వింతేం కాదు. కొత్తవాళ్లకు ఇది చిన్నబుచ్చుకునే వ్యవహారమే. నిజానికి కొన్నిసార్లు తగువు కోడ్ గురించి కాకుండా పేర్ల గురించి జరుగుతుంది. ఈ అంకెకి ఏ పేరు పెట్టాలని వారం రోజుల పంచాయితీ! అలాంటి చోట పంపినవాళ్లు విసిగి వెళ్లిపోతే తప్పు వాళ్లది కాదు.

చదివేవాళ్లకి ఇంకో చిక్కుంది. తమ చేతిలో ఆ యంత్రం ఉండదు. థింక్‌ప్యాడ్‌కి చేసిన మార్పును సర్వర్లు తెలిసిన మనిషి చదవాల్సి వస్తుంది. దీనికి కోర్‌బూట్ వాళ్లు ఓ ముచ్చటైన కిటుకు వాడతారు. 'నేను కోడ్‌ను సర్దాను తప్ప పని మార్చలేదు' అని ఎవరైనా అంటే, ప్యాచ్‌కి ముందూ తర్వాతా రెండుసార్లు ఫర్మ్‌వేర్ తయారు చేసి చూడమంటారు. తయారైన తేదీ, సమయం అందులో పడకుండా చేసే ఏర్పాటు ఉంది. రెండు ఫైళ్లూ సున్నాలూ ఒకట్లతో సహా అచ్చం ఒకేలా ఉన్నాయా, పని మారలేదన్నమాట. మాట మీద నమ్మకం అక్కర్లేదు, బోర్డు చేతిలో ఉండక్కర్లేదు. పని మారే ప్యాచ్‌కి మాత్రం ఈ కిటుకు పారదు. ఎవరో ఒకరు సాహసించి తమ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి చూడాల్సిందే. చెడితే మూత విప్పి, చిప్ కాళ్లకు క్లిప్పు తగిలించి, ఇంకో కంప్యూటర్ నుంచి పాత ఫర్మ్‌వేర్‌ను మళ్లీ రాసుకోవాలి. అలాంటి క్లిప్పు దగ్గరున్నవాళ్లే ఈ పనికి ముందుకొస్తారు.

అదేమీ తెలియని మామూలు మనుషుల దాకా తప్పు వెళ్తే? 2017 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10కి అదే జరిగింది. ఇంటెల్ యంత్రాల్లో బయోస్ చిప్‌ను తాకగలిగే ఓ డ్రైవర్‌ను లినక్స్‌లో చేర్చారు. 'ఏం చేస్తున్నారో తెలిస్తే తప్ప దీన్ని వాడకండి' అని దాని పక్కనే రాసుంది. ఉబుంటు వాళ్ల సెట్టింగుల్లో అది ఆన్ అయిపోయింది. అంతే, కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లు, మరికొన్ని ఇతర కంపెనీలవీ వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టాయి. బయోస్‌లో ఏ సెట్టింగు మార్చినా నిలవదు, యూఎస్‌బీ నుంచి మొదలుపెడదామంటే మొదలవదు. డిసెంబరులో ఉబుంటు 17.10 డౌన్‌లోడ్‌ను ఆపేశారు. ఆ సెట్టింగు ఆపేసి 2018 జనవరిలో మళ్లీ విడుదల చేశారు. కొత్త కోడ్ రాయడం వల్ల కాదు, ఓ మీట ఇటు నుంచి అటు వేయడం వల్ల వచ్చిన తంటా అది.

కదిలిన వేలు, కదలని వేలు

అంతకంటే గమ్మత్తయిన కథ రూటర్లది. ఇంటింటి ఇంటర్నెట్ రూటర్లలో కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌కి బదులు వేసుకునే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ 'ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ'. 2004 నుంచి ఉంది. అందులో కొత్త ప్రోగ్రాములు దించుకుని ఎక్కించడానికి 'ఓపీకేజీ' అనే పనిముట్టుండేది. దారిలో ఎవరూ కల్తీ చేయకుండా దానికో ఏర్పాటు ఉంది. ముందుగా సంతకం చేసిన ఓ జాబితా వస్తుంది. అందులో ఒక్కో ప్రోగ్రాముకీ 64 అక్షరాల 'వేలిముద్ర' ఉంటుంది. ప్రోగ్రాము దిగాక దాని వేలిముద్ర లెక్కగట్టి, జాబితాలో ఉన్నదానితో పోలుస్తారు. తేడా ఉంటే ఎక్కించరు.

2017 ఫిబ్రవరిలో అందులో ఓ మార్పు చేరింది. జాబితాలో వేలిముద్రకు ముందు ఒక ఖాళీ ఉంటుంది, దాన్ని దాటి చదవాలి. చిన్న పిల్లలు వేలు పెట్టి చదువుతారే, అలాగే కోడ్ కూడా ఒక గుర్తు పెట్టుకుని చదువుతుంది. ఇక్కడ ఒకే లైను మీద రెండు గుర్తులున్నాయి. ఒకదాని పేరు 'ఎస్ఆర్‌సీ', రెండోదాని పేరు 'ఎస్'. ఖాళీని దాటడానికి మొదటి వేలిని జరిపారు. చదవడం మాత్రం రెండో వేలి దగ్గర్నుంచి మొదలుపెట్టారు! అది ఇంకా ఖాళీ మీదే ఉంది. అక్కడ అక్షరం లేదు కాబట్టి 'దీనికి వేలిముద్ర లేదు' అనుకుంది. వేలిముద్ర లేనప్పుడు పోల్చడానికేముంది? ఎక్కించేసింది.

కాపలావాడు లేకపోతే ఇంట్లోవాళ్లకి ఇబ్బందేం ఉండదు, పైగా తలుపు ఇంకా త్వరగా తెరుచుకుంటుంది. ఇదీ అంతే. అన్ని ప్రోగ్రాములూ చక్కగా దిగాయి, చక్కగా పనిచేశాయి. ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. పైగా అవి అప్పట్లో మామూలుగా తాళం లేని దారిలోనే దిగేవి. మధ్యలో మాటు వేసినవాడెవడైనా సరిగ్గా అదే పరిమాణం ఉన్న నకిలీని అందిస్తే రూటర్ మొత్తం వాడి చేతిలోకి వెళ్లేది. దాదాపు మూడేళ్లు అలాగే గడిచాయి. చివరికి ఓ భద్రతా పరిశోధకుడు పట్టుకుంటే 2020 జనవరి చివర్లో సరిచేసి కొత్త విడుదలలు ఇచ్చారు. మంచి ప్రోగ్రాములు ఎక్కుతున్నాయా అని పరీక్షిస్తే ఇలాంటిది దొరకదు. చెడ్డదాన్ని ఇచ్చి, 'తిప్పికొడుతుందా లేదా' అని చూడాలి. మార్పులు చదివేవాళ్లలో ఆరితేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అందుకే 'ఇది పనిచేస్తుందా' అని కాదు, 'ఇది ఎప్పుడు పనిచేయకూడదు?' అని.

పొరపాటున కాక కావాలని చేసేవాళ్లూ ఉంటారు. 2003 నవంబరులో లినక్స్ కోడ్ నకలు ఉంచిన ఓ సర్వర్‌లో ఎవరో చొరబడి రెండు లైన్లు చేర్చారు. పైకి చూస్తే 'ఈ మనిషి యజమానా?' అని అడుగుతున్నట్టుంటుంది. అలా అడగాలంటే '=' గుర్తు రెండుసార్లు వేయాలి. అక్కడ ఒక్కసారే ఉంది. దాంతో ప్రశ్న కాస్తా 'ఈ మనిషిని యజమానిని చెయ్!' అనే ఆజ్ఞ అయిపోయింది. అసలు కోడ్‌లో ఆ మార్పును ఎవరూ అనుమతించిన దాఖలా లేకపోవడంతో వెంటనే దొరికిపోయింది. గుర్తును చూసి కాదు, లెక్కల పుస్తకం చూసి పట్టుకున్నారన్నమాట.

చదివేవాళ్లేరీ?

రాసేవాళ్లు దొరుకుతారు. చదివేవాళ్లే దొరకరు. కోర్‌బూట్‌లో రాసేవాళ్లలో చాలామంది జీతాలు తీసుకునేవాళ్లే. గూగుల్ ఇంజినీర్లు, బెంగళూరులోని ఇంటెల్ ఇంజినీర్లు, సొంతంగా కోర్‌బూట్ ల్యాప్‌టాప్‌లు అమ్మే చిన్న కంపెనీలవాళ్లు. వాళ్ల కొత్త చిప్‌కి సంబంధించిన మార్పులు చకచకా కలుస్తాయి. ఆఫీసులో పక్క సీటు ఇంజినీరే చదివి పెడతాడు. ఆదివారాలు కూర్చుని పదిహేనేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కి మాసిక వేసిన మనిషి ప్యాచ్ మాత్రం నెలల తరబడి ఎదురుచూస్తుంది. దాన్ని చదవమని ఎవరికీ ఎవరూ జీతం ఇవ్వరు కదా. పరాయివాడు రాసిన నాలుగు లైన్లు అర్థం చేసుకోవడానికి, ఆ చిప్ తాలూకు వేల పేజీల పుస్తకం తిరగేయాల్సి రావచ్చు. అది ఎవరి ఖాతాలోనూ పడదు.

ఆ ఒంటరితనం ఎంత ప్రమాదమో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న సాధనం దాదాపు లినక్స్ యంత్రాలన్నింటిలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్క మనిషే ఊరికే చూసుకుంటున్నాడు. అలసిపోయాడు. సాయం చేస్తానంటూ ఒకరొచ్చారు, రెండేళ్లపాటు బుద్ధిగా మంచి మంచి ప్యాచ్‌లు పంపారు. ఇంకోవైపు కొత్త కొత్త పేర్లతో 'ఇంత ఆలస్యమా, ఇంకొకరికి అప్పజెప్పొచ్చుగా' అంటూ ఒత్తిళ్లు. చివరికి మార్పులు కలిపే అధికారం ఆ వచ్చినవాళ్ల చేతిలో పడింది. వాళ్లు అందులో దొంగదారి పెట్టేశారు. తన యంత్రంలోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది గానీ, లేకపోతే ఎక్కడెక్కడికి పాకేదో!

కొత్తగా చదివేవాళ్లను తయారు చేసుకోవడానికి కోర్‌బూట్ వాళ్లకున్న దారుల్లో ఒకటి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. కొత్తవాళ్లకు భత్యం ఇచ్చి ఓపెన్ సోర్స్ పనులు నేర్పించే కార్యక్రమం అది. లినక్స్‌బయోస్ అన్న పేరుండగానే, 2007లోనే ఇందులో చేరారు. ఈ కార్యక్రమానికి మన దేశపు ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఏటా పెద్ద సంఖ్యలో పిల్లలు వెళ్తుంటారు. వచ్చినవాళ్లు మొదటిరోజే మెమరీ జోలికి పోరు. వివరణలో తప్పు స్పెల్లింగో, వాడకుండా పడివున్న లైనో దిద్ది పంపుతారు. ఆ దిద్దుబాటు గొప్పదని కాదు. సంతకం ఎలా పెట్టాలి, యంత్రం 'కుదరదు' అంటే ఏం చేయాలి, ముఖం తెలియని మనిషి 'ఇదెందుకు?' అని అడిగితే కోపం తెచ్చుకోకుండా ఎలా జవాబివ్వాలి... ఇవన్నీ దానితోనే తెలుస్తాయి. కొన్నాళ్లకు వాళ్లే ఇంకొకరి ప్యాచ్ తెరిచి, 'ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?' అని రాయడం మొదలుపెడతారు.

కోడ్‌లో ఓ మార్పు కలిసిందంటే దాని చరిత్రలో కొన్ని లైన్లు శాశ్వతంగా ఉండిపోతాయి. ఏం మారింది, ఎందుకు మారింది, రాసిందెవరు అన్నవి పైన ఉంటాయి. అడుగున 'సమీక్షించినవారు' అని ఒకటో రెండో పేర్లు, ఒక్కోసారి నాలుగు. ఆ పక్కనే 'పరీక్షించినవారు' అని ఇంకో పేరు కూడా ఉంటుంది. అది మాత్రం మనిషిది కాదు, రాత్రనకా పగలనకా బోర్డు బోర్డుకీ ఫర్మ్‌వేర్ తయారు చేసి చూసే ఆ యంత్రానిది!